గౌరి చేతి మచ్చలు

పోయినవారం మనం గౌరిని పెరటి పాకలో, అమ్మవారు పోసిన సరస్వతి పక్కన వదిలేసి వచ్చాం. టెక్కలి ట్రైనింగు బడి వసారాలో ఆడపిల్లలంతా గోడకి అంటుకుపోయి నిలబడ్డ రోజు అది. పాకలోకి వెళ్ళి సరస్వతికి చాకిరీ చెయ్యడానికి ఎవరున్నారని పెద్ద పంతులమ్మ కామేశ్వరమ్మగారు అడిగితే, ఒక్క గౌరే రవికె చెయ్యి పైకి మడిచి ముందుకొచ్చింది. ఎడమ దండచేతి మీద మూడు నల్లటి మచ్చలు. చిన్నప్పుడే టీకాలు వేయించారు, నన్ను అమ్మవారు ముట్టదు, నేను వెళ్తానంది. అంతటితో ఊరుకుంటే గౌరి ఎందుకవుతుంది? మీరూ వేయించుకోండి, నా చెయ్యి చూడండి, నాకేమైనా అయిందా అని ఆ మచ్చలు అందరికీ తిరిగి తిరిగి చూపించింది. పైవారం బుధవారం టీకాల సూర్యం వచ్చినప్పుడు చెయ్యి చాపుతామని ఒక్కొక్కరి చేతా ఒప్పించి మరీ పాకలోకి వెళ్ళింది.

ఆ బుధవారం రేపే.

ఈ పిల్లల సంగతి కొంచెం చెప్పాలి. మొదటి జర్మనీ యుద్ధం ఆగి రెండు మూడేళ్ళయిన రోజులవి. మన జిల్లాలో ఆడపిల్ల గడప దాటి చదువుకోవడమే వింత. వీళ్ళు చదువుకుని, రేపో మాపో పల్లెలకి వెళ్ళి పంతులమ్మలు కావలసినవాళ్ళు. సగానికి పైగా చిన్నతనంలోనే పసుపు కుంకాలు పోగొట్టుకుని, ఇంట్లో మూల కూర్చోబెట్టే బదులు చదివిద్దామని ఎవరో ఒక మంచివాడు అనుకోబట్టి ఇక్కడికి వచ్చినవాళ్ళు. గౌరి కూడా అలా వచ్చిందే. కామేశ్వరమ్మగారు వాళ్ళ చేత నీళ్ళు కాచి తాగించారు. శనివారం వస్తే గోళ్ళు చూశారు. ఒకరి దువ్వెన ఇంకొకరు వాడకూడదన్నారు, ఎంగిలి గ్లాసు ముట్టకూడదన్నారు. గొణుక్కుంటూనే అన్నీ నేర్చుకున్నారు పాపం.

టీకా దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరూ మొరాయించారు. దూడ ఒంటి మీద పుండు చేసి తీసిన రసమట, అది ఒంట్లోకి ఎక్కించుకుంటే తల్లికి కోపం రాదా అని గుసగుసలు. నౌపడ నుంచి వచ్చిన అప్పలనరసమ్మ ఉందే, ఆరోగ్యశాస్త్రం పరీక్షలో మశూచికం గురించి అందరికన్నా బాగా రాసి మెప్పు పొందిన పిల్ల. ఆ పిల్లే తక్కినవాళ్ళకి ఒక ఉపాయం చెప్పింది. సూర్యం గీరి అటు తిరగ్గానే నిమ్మచెక్క పెట్టి రుద్దేస్తే మందంతా పోతుందట, పంతులమ్మగారి మాటా దక్కుతుంది, అమ్మవారికీ కోపం రాదట. పరీక్ష వేరు, ప్రాణం వేరు అనుకుంటారు మనవాళ్ళు. నాకు ఒళ్ళు మండుతుంది గాని, అమ్మవారి పేరు చెబితే ఊళ్ళకి ఊళ్ళే తలుపులు మూసుకునే ఆ రోజుల్లో నేనుంటే ఏం చేసేవాణ్ణో గట్టిగా చెప్పలేను.

గౌరి ఆ ఉపాయం విని మండిపడింది. పుస్తకం నమ్మకపోతే పోయారు, నా చెయ్యి నమ్మండి అంది. వాళ్ళు ఆ చెయ్యి చూసే నమ్మారు. ఈ ఒక్క ముక్కా మనసులో ఉంచుకోండి, తక్కింది నేను చెబుతాను.

మంగళవారం మధ్యాహ్నం పాక బయట రాళ్ళపొయ్యి మీద గౌరి సరస్వతి గుడ్డలు ఉడకబెడుతోంది. పొగకి కళ్ళు మండుతున్నాయి. పొద్దున్నుంచీ నడుం పట్టేసింది. బావి నుంచి అన్ని బిందెలు మోస్తే పట్టెయ్యక ఏం చేస్తుందిలే అనుకుంది. లోపల సరస్వతి అరిటాకుల మీద పడుకుని ఉంది. కళ్ళు మూసుకుపోయాయి. సోంపేటలో పేరున్న ఇంటి పిల్ల. తండ్రి జనార్దనరావుగారు బండి నిండా కొబ్బరిబోండాలు పంపించాడు, అమ్మవారు చల్లబడేదాకా పిల్లని ఇంటికి తేవద్దని కబురు కూడా పంపించాడు. గౌరి బోండాం నీళ్ళలో గుడ్డ తడిపి పెదాల మీద పిండినప్పుడల్లా సరస్వతి ఒక్కటే అడుగుతుంది, అద్దం ఉందా అని. లేదని గౌరి అబద్ధమాడుతుంది.

మొగలి కంచె అవతల ఎవరో పిలిచారు. గౌరి తలెత్తి చూస్తే తల్లి రత్నాలమ్మ.

జలంత్రకోట పొలిమేర దాటి ఎరగని మనిషి ఆమె. సోంపేటలో రైలెక్కి, నౌపడలో దిగి, ఉప్పు మళ్ళ పక్కన ఎండలో చిన్నరైలు కోసం కూర్చుని, దారిలో ఎందర్ని అడిగిందో ఏమో, ఒక్కతీ టెక్కలి వచ్చేసింది. కొబ్బరికాయల బండి తోలే వరహాలు వారం వారం టెక్కలి సంతకి వస్తాడు. మీ గౌరి అమ్మోరి పాకలో సేవ చేస్తోంది, దాని ధైర్యమే ధైర్యం అని మెచ్చుకుంటూ ఊళ్ళో చెప్పాడట. ఆ మెచ్చుకోలు విన్నాక రత్నాలమ్మ అన్నం ముట్టలేదు.

గౌరి ముందు సంబరపడింది, వెంటనే కంగారుపడింది. కంచె దగ్గరికి రావద్దు, అక్కడే నీడన ఆగమని కేకేసింది. ఇంటి దగ్గర అందరూ బాగున్నారా, ఈ ఏడు పనసలు ఎలా కాశాయి, ఎర్రావు ఈనిందా అని అక్కణ్ణుంచే వరసగా అడిగింది. రత్నాలమ్మ కూతురి ఎడమ చేతి వైపే చూస్తోంది.

"అమ్మీ, బేగి ఒచ్చీ. ఎల్లిపోదాం," అంది చివరికి.

"ఎలగొత్తానమ్మా? ఆ పిల్లనొగ్గీసి ఎలగొత్తాను? నాకేటీ అవదు, నువ్వు బయపడకు. నాకు టీకాలున్నాయి కదేటి."

రత్నాలమ్మ ఉన్నచోటనే చతికిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు రాలేదు. వచ్చినా బాగుండేది.

"నీకు టీకాలు ఎయ్యనేదు తల్లీ," అంది. "అవి టీకాలు కావు. జీడి."

జీడితోటల ఉద్దానంలో పుట్టినవాళ్ళకి ఆ ఒక్క మాట చాలు. పచ్చి జీడిపిక్క పైచెక్కులో నూనె ఉంటుంది. ఒంటికి తగిలిందంటే నిప్పు పడ్డట్టే, బొబ్బ లేచి తోలు ఊడొస్తుంది, మచ్చ ఏళ్ళ తరబడి పోదు. పిక్కలు కొట్టే ఆడవాళ్ళు చేతులకి బూడిద రాసుకుని కూర్చునేది అందుకే. గౌరి తన దండ వైపు చూసుకుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చూస్తున్న మచ్చలే. ఇప్పుడు చూస్తుంటే ఎవరి చెయ్యో చూస్తున్నట్టు ఉంది.

అప్పుడు రత్నాలమ్మ అంతా చెప్పింది. గౌరికి అప్పుడప్పుడే నడక వచ్చిన రోజులు. ఊళ్ళోకి టీకాలు వేసేవాడు వచ్చాడు. తండ్రి దాలయ్య ఆ రోజు కొబ్బరి లెక్క మీద సోంపేట వెళుతూ, పిల్లకి తప్పకుండా వేయించమని పదిసార్లు చెప్పి వెళ్ళాడు. ఆయనకి ఇలాంటివాటి మీద గురి ఎక్కువ. కూతుర్ని చదివించాలని ఊరంతటితో పోట్లాడినవాడు కూడా ఆయనే. ఆయన బండి మలుపు తిరగ్గానే రత్నాలమ్మ పిల్లని కొంగు కింద దాచుకుని జీడితోటలోకి వెళ్ళి, పొద్దు వాలేదాకా అక్కడే పొదల చాటున కూర్చుంది. టీకాలవాడు వెళ్ళిపోయాడు. మర్నాడు మునసబు ఇంటింటికీ తిరిగి పిల్లల చేతులు చూస్తాడని తెలిసింది. ఆయన సంగతి ఎలా ఉన్నా, మొగుడు వచ్చి చెయ్యి చూపించమంటే ఏం చూపిస్తుంది? పచ్చి పిక్క ఒకటి కత్తిపీట మీద చీల్చి, చీపురుపుల్ల ఆ నూనెలో ముంచి, పిల్ల దండ మీద మూడుచోట్ల అద్దింది.

పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. ఒళ్ళు కాగిపోయింది. దాలయ్య తిరిగొచ్చి బొబ్బలు చూసి, టీకా బాగా లేచిందని మురిసిపోయాడు. ఆ తర్వాత ఎక్కడ నలుగురు కలిసినా నా కూతురికి టీకాలు వేయించానని చెప్పుకున్నాడు. పోయిన ఏడాది పోయేదాకా ఆయనకి అసలు సంగతి తెలియదు.

"ఏలమ్మా?" అంది గౌరి. "ఏల సేసినావు ఆ పని?"

"నీకన్నా ముందొకడు పుట్టినాడు కదే."

అన్న ఒకడు పుట్టి పోయాడని గౌరికి తెలుసు. పేరు సింహాద్రి అని తెలుసు. ఎలా పోయాడని ఎప్పుడడిగినా తల్లి లేచి వేరే పనిలోకి వెళ్ళిపోయేది.

"ఆడికి ఏయించినాను," అంది రత్నాలమ్మ. "మీ అయ్య ఏయించమన్నాడు, నానే ఒళ్ళో కూకోబెట్టుకుని ఆ సెయ్యి పట్టుకున్నాను. మర్నాటికి సెయ్యి పొంగిపోనాది. మీ మామ్మ పేడా మట్టీ కలిపి పట్టు ఏసింది. తియ్యడం, మల్లా ఎయ్యడం. దినదినానికీ నలుపెక్కిపోనాది. దవడలు బిగిసిపోయి పాలు తాగనేదమ్మీ ఆడు. నా ఒళ్ళోనే పోనాడు. మల్లా నిన్ను కూడా తీసుకెల్లి ఆ కత్తి కింద ఎలగెట్టమంటావు నన్ను?"

గౌరికి నోటిదాకా ఒక మాట వచ్చింది. టీకా గాయం తడి తగలకుండా, మట్టి అంటకుండా ఉంచాలని, పేడ తగిలితే దవడలు బిగిసే జబ్బు వచ్చి పసివాళ్ళు పోతారని ఆరోగ్యశాస్త్రంలో చదువుకుంది. పరీక్షలో రాసింది. అన్న ఎందువల్ల పోయాడో తల్లి చెబుతూ ఉండగానే తెలిసిపోయింది. టీకా వల్ల కాదు, అమ్మవారి వల్లా కాదు, పిల్లాడి మీద ప్రేమతో మెత్తిన ఆ పట్టు వల్ల. ఇన్నేళ్ళూ ఆ కత్తిని తిట్టుకుంటూ బతికిన మనిషికి ఇప్పుడు ఆ సంగతి చెప్పి ఏం లాభం? మింగేసింది. గౌరి ఆ పూట చేసిన పనులన్నిటిలోకీ అదే పెద్దదని నాకనిపిస్తుంది.

కోపం మాత్రం మింగలేకపోయింది. అదీ మనిషే కదా.

"పెద్దదాన్నయినాకైనా సెప్పీవలిసింది కదమ్మా. ఈ బళ్ళోకి ఒచ్చినప్పుడైనా సెప్పీవలిసింది."

"సెబితే ఏయించీసుకుందువు," అంది రత్నాలమ్మ. "సెప్పకపోతే బతికుంటావనుకున్నాను."

పొయ్యి మీద నీళ్ళు పొంగి నిప్పు మీద పడ్డాయి. లోపల్నుంచి సరస్వతి దాహమని పిలిచింది. గౌరి వెళ్ళి నీళ్ళు పట్టించి వచ్చేసరికి రత్నాలమ్మ కంచె సందులోంచి దూరి లోపలికి వస్తోంది. మొగలి ముళ్ళకి చీర చిరిగింది, చేతులు గీసుకుపోయాయి. ఆమెకి అదేమీ పట్టలేదు. చేతులు చాపి కూతురి దగ్గరికి రాబోయింది.

"ఆగమ్మా. నా దగ్గిరికి రాకు."

తల్లి ఒక అడుగు ముందుకేస్తే కూతురు ఒక అడుగు వెనక్కి వేసింది. మళ్ళీ ముందుకేసింది. మళ్ళీ వెనక్కి వేసింది. చివరికి గౌరి వీపు పాక గోడకి తగిలింది. ఇంక వెనక్కి పోవడానికి చోటు లేక, నీకు దండం పెడతాను ఆగమ్మా అంటూ నిజంగానే రెండు చేతులూ జోడించింది. రత్నాలమ్మ ఆగిపోయింది. కన్నకూతుర్ని ముట్టుకోకుండా ఆ ఎండలో అలా నిలబడి ఉన్న తల్లిని తలుచుకుంటే నాకు కలం సాగడం లేదు.

ఇంటికి వెళ్ళిపోదామని ఆమె మళ్ళీ మళ్ళీ బతిమాలింది. ఇప్పుడు నేను వస్తే అమ్మవారిని కూడా జలంత్రకోట తీసుకెళ్ళినట్టే, మన వీధిలో పసిపిల్లలున్నారు కదా అని గౌరి నచ్చజెప్పింది. ఆ మాటకి రత్నాలమ్మ తగ్గింది. బడి గేటు దగ్గర, బయట అరుగు మీద కూర్చుంటాను, నన్ను అక్కణ్ణుంచి మాత్రం కదలమనకు అంది. గౌరి సరేనంది.

తల్లి వెళ్ళాక గౌరికి భయం వేసింది. ఇంతవరకూ ధైర్యం ధైర్యం అని అందరూ మెచ్చుకున్నారే, ఆ ధైర్యమంతా మూడు మచ్చల్లో ఉందని అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ సరస్వతి పక్కనే పడుకుంది, ఆ పిల్ల ఒళ్ళు తుడిచింది, ఒడిలో తల పెట్టుకుంది. పాకలోకి అడుగు పెట్టలేక గుమ్మం బయటే కూర్చుంది. చచ్చిపోతానేమో అనుకుంది. చావకపోతే మొహం ఏమవుతుందో అనుకుంది. అద్దం అడిగే సరస్వతి గొంతు చెవిలో మోగుతుంటే కాసేపు వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపు ఆగాక ఆమెకి వసారాలో పిల్లలు గుర్తొచ్చారు. వాళ్ళు రేపు చెయ్యి చాపబోయేది ఈ చేతిని చూసి.

వెంటనే కామేశ్వరమ్మగార్ని పిలిపించి, పెరట్లో ఆ చివర ఆవిడ, ఈ చివర తను నిలబడి, సంగతంతా చెప్పింది. కామేశ్వరమ్మగారంటే టెక్కలిలో మగపంతుళ్ళు కూడా భుజం మీది కండువా తీసి మాట్లాడతారు. అటువంటి మనిషి విన్నంతసేపూ విని, వంటింటి మెట్టు మీద కూర్చుండిపోయారు.

కాసేపటికి తేరుకుని, రేపు అందరికన్నా ముందు నీకే వేయిస్తాను, ఎవరికీ తెలియనక్కర్లేదు, వెనక గదిలో వేయిస్తాను అన్నారు. గౌరి తల అడ్డంగా ఊపింది. అందరి ముందూ చెప్పే వేయించుకుంటానంది.

"పిచ్చిదానా, రేపటి పని కానియ్యి," అన్నారు కామేశ్వరమ్మగారు. "ఆ తర్వాత నువ్వు చెప్పు, లేకపోతే నేనే చెబుతాను. ఇప్పుడు చెప్పావంటే ఒక్క చెయ్యి కూడా లేవదు."

"రేపు చెప్పకుండా ఊరుకుని, తర్వాత నాకు అమ్మవారు పోస్తేనో అమ్మగారూ? టీకాలున్న గౌరికే వచ్చింది, ఇంక మనకెందుకు ఈ గాట్లు అంటారు. వేయించుకున్నవాళ్ళు కూడా కడిగేసుకుంటారు. రేపు వీళ్ళు పల్లెలకి వెళ్ళి పిల్లల తల్లులకి ఏం చెబుతారు? నా పేరే చెబుతారు. మచ్చలున్న మనిషి కూడా చచ్చిపోయిందని చెబుతారు."

కామేశ్వరమ్మగారు చెడ్డమనిషి కాదు. ఆవిడకి కావలసింది ఆ పిల్లలు బతకడం. దానికోసం ఒక పూట నిజాన్ని పక్కన పెట్టడానికి సిద్ధపడ్డారు. గౌరికి కావలసిందీ అదే. దానికోసం ఈ పూటే నిజం చెప్పాలంటుంది. ఎవరిది తప్పో నేను చెప్పలేను, మీరే చెప్పండి. ఆవిడ చివరికి, నీ ఇష్టమమ్మా అన్నారు. లేచి వెళ్తూ వెళ్తూ, అన్నం తిన్నావా అని అడిగారు. గౌరి తిన్నానంది. తినలేదు. తినబుద్ధి కాలేదు.

బుధవారం పొద్దెక్కుతుండగా టీకాల సూర్యం వచ్చాడు. నెమ్మదైన మనిషి. వసారా మధ్యలో అడ్డంగా తాడు కట్టి దుప్పటి వేలాడదీసి ఉంది. దుప్పటికి భుజం ఎత్తున చిన్న కన్నం. పరాయి మగవాడికి దండ చూపించేది ఎలా అని పిల్లలు సిగ్గుతో చచ్చిపోతుంటే కామేశ్వరమ్మగారు చేసిన ఏర్పాటు అది. దుప్పటికి ఇవతల పిల్లలు, అవతల సూర్యం. కన్నంలోంచి చెయ్యి వెళుతుంది, మనిషి కనిపించదు. సూర్యం అవతల బల్ల వేసుకుని, దీపం వెలిగించి, మందు నింపిన గాజు గొట్టాలు పేర్చుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

గౌరి వేపాకు నీళ్ళతో స్నానం చేసి, ఉడకబెట్టి ఆరేసిన చీర కట్టుకుని, పెరటివైపు మెట్ల కింద నిలబడింది. నడుం నొప్పి తగ్గలేదు, తల కూడా బరువుగా ఉంది. నిన్నటి ఏడుపుకి అంతేలే అనుకుంది. పిల్లలు ఆమెని చూసి నవ్వుమొహాలు పెట్టారు. అప్పలనరసమ్మ అయితే, సరస్వతికి ఎలా ఉందని అడిగింది కూడా.

గౌరి రవికె చెయ్యి మడిచి, మచ్చలు చూపిస్తూ, ఇవి టీకాలు కావు, జీడి మచ్చలని చెప్పింది. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో చెప్పింది. తల్లిని ఒక్క మాట అనలేదు. పిల్లాణ్ణి పోగొట్టుకున్న తల్లి, భయపడింది, అంతే అంది. వింటున్నకొద్దీ పిల్లల మొహాలు మారిపోయాయి. ఇద్దరు ముగ్గురు వెనక్కి జరిగి గోడకి ఆనుకున్నారు. అవతల గాజు గొట్టాల చప్పుడు ఆగిపోయింది.

"అయితే ఆ సెయ్యి సూపించి మా సేత ఒప్పించినావా, గౌరప్పా?" అంది అప్పలనరసమ్మ. ఆ పిల్ల గొంతులో కోపం లేదు. కోపం ఉంటే గౌరి తట్టుకునేది.

"నాకూ నిన్ననే తెలిసింది. తెలిసినాక దాయడం నా వల్ల కానేదు. సరస్వతికి టీకా నేదు, నాకూ నేదు. రేపు నాకేటైనా అయితే టీకా వల్ల అయిందని మాత్రం అనకండి. నేకపోబట్టి అయిందని సెప్పండి. మీరు ఏ ఊరు ఎల్లినా అలగే సెప్పండి. ఇప్పుడు ముందు నా సెయ్యే పెడతన్నాను."

మెట్లెక్కి వసారాలోకి వచ్చింది. పిల్లలు దారి ఇచ్చారు, కొంచెం ఎక్కువ దూరమే జరిగారు. దుప్పటి దగ్గరికి వెళ్ళి ఎడమ చెయ్యి కన్నంలోంచి అవతలికి చాపింది.

సూర్యం ఆ చేతిని పట్టుకున్నాడు. తడిగుడ్డతో తుడిచాడు. తుడవడం ఆపేశాడు. మణికట్టు మీద వేళ్ళు పెట్టి చూశాడు. మళ్ళీ దండ పట్టుకుని చూశాడు.

"అమ్మా, ఈ ఒళ్ళు కాలిపోతోంది," అన్నాడు అవతల్నుంచి. "జ్వరం ఎప్పట్నుంచి?"

జ్వరమేం లేదని, నిన్నట్నుంచి నడుం నొప్పి మాత్రం ఉందని గౌరి చెప్పింది. చెబుతూ చెబుతూ ఆగిపోయింది. తను ఏం చెబుతోందో తనకే అర్థమైంది.

వసారాలో ఉన్న ప్రతి పిల్లకీ అర్థమైంది. ముందు జ్వరం, తలనొప్పి, నడుం విరుచుకుపోవడం, ఆ వెనక ఒంటి మీద పొక్కులు. అందరూ కంఠతా పట్టిన పాఠమే. అప్పలనరసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కామేశ్వరమ్మగారు గడప పట్టుకుని నిలబడ్డారు.

సూర్యం చేతిలో గుడ్డ పక్కన పెట్టాడు. తర్వాత చాలా నెమ్మదిగా, "ఇప్పుడు వేసినా లాభం లేదమ్మా. ఆలస్యమైపోయింది," అన్నాడు. ఆ చేతిని జాగ్రత్తగా వెనక్కి పంపించాడు.

గేటు బయట అరుగు మీద నుంచి రత్నాలమ్మ లేచి నిలబడింది. ఆమెకి దుప్పటి ఒక్కటే కనిపిస్తోంది, మాటలు వినబడ్డం లేదు. "ఏటంతన్నాడమ్మీ? ఏసీసినాడా?" అని కేకేసింది.

గౌరి రవికె చెయ్యి కిందికి దించుకుంది. అప్పలనరసమ్మ ఏడుస్తూ ముందుకు రాబోతే వద్దని చేత్తో ఆపింది. ఎవరికీ తగలకుండా పక్కకి ఒదిగి మెట్లు దిగి, పెరట్లోంచి పాక వైపు నడిచింది. సగం దూరం వెళ్ళిందో లేదో వెనక నుంచి సూర్యం గొంతు వినిపించింది.

"తర్వాతి చెయ్యి ఎవరిదమ్మా?"

గౌరి ఆగింది. వెనక్కి తిరిగి చూడాలంటే భయం వేసింది. గేటు దగ్గర తల్లి మళ్ళీ అడుగుతోంది, ఏటంతన్నాడని. సూర్యం ఇంకోసారి పిలిచాడు. దుప్పటి కన్నం ఖాళీగానే ఉంది.